రెండు బోర్లు, ఒకే పైపు: సింథసిస్ టూల్ "సాధ్యం కాదు" అంటాంది, యాడ తప్పు?

బోరు_బిట్టు
కళ్యాణదుర్గం దగ్గర తోట. రెండు బోర్లు, రెండిట్లోనూ 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్లు. రెండిటి నీళ్లూ ఒకే పైపులో కలిసి డ్రిప్ ఫిల్టర్‌కు పోతాయి. ఒకేసారి రెండూ నడిస్తే పైపు జాయింట్లు ఊడతాయి. కంట్రోలర్ ప్రోగ్రాం చేత్తో రాయకుండా, స్పెక్ (ఏం కావాలో చెప్పే నియమాలు) రాసిచ్చి సింథసిస్ టూల్‌తోనే (నియమాల నుంచి ప్రోగ్రాం తయారుచేసేది) పుట్టించాలని చూస్తాండా. ఇన్‌పుట్లు మూడు: క (మూడు ఫేజుల కరెంటు ఉంది), నీ1, నీ2 (ఆ బోర్లో నీళ్లున్నాయి). అవుట్‌పుట్లు రెండు: మో1, మో2.

నియమం 1: మో1, మో2 ఎప్పుడూ కలిసి ఆన్ కారాదు.
నియమం 2: కరెంటూ ఆ బోర్లో నీళ్లూ ఉంటేనే ఆ మోటారు ఆన్.
నియమం 3: మో1 మళ్లీ మళ్లీ నడవాల, మో2 మళ్లీ మళ్లీ నడవాల. అంటే ఏ క్షణాన చూసినా ముందు ముందు ఇంకోసారి నడిచేది ఉండాల.

ఇంతే. టూల్ "అన్‌రియలైజబుల్" (సాధ్యం కాదు) అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. మూడు లైన్లలో తప్పు యాడుందో అర్థం కాలా.

ఉగ్గాని_బజ్జీ
కరెంటు రాకపోతే మోటారు నడవదప్పా. దానికి టూల్ ఎందుకు, మా అవ్వనడిగినా చెప్తుంది.

కొండారెడ్డి_బురుజు
బజ్జీ జోకు వేసినా జవాబు అదే. బిట్టూ, దీన్ని ఇద్దరాడే ఆటగా చూడు. ఒకవైపు నీ కంట్రోలర్. అవతల పక్క బయటి ప్రపంచం: లైన్‌మన్, భూగర్భం, ఎండ అన్నీ కలిపి ఒకే ఆటగాడు. ప్రతి అడుగులో వాడు ముందు క, నీ1, నీ2 విలువలు వేస్తాడు, తర్వాత నీవు మో1, మో2 వేస్తావు. ఆట ఎప్పటికీ ఆగదు. ఆ అనంతమైన వరుస స్పెక్‌కు సరిపోతే గెలుపు నీది, లేకుంటే వాడిది. డ్రా లేదు. వాడు ఏం వేసినా గెలిచే పద్ధతి నీకుంటే ఆ పద్ధతే ప్రోగ్రాం. లేకుంటే ఈ తరహా ఆటల్లో నిన్ను తప్పకుండా ఓడించే పద్ధతి వాడి దగ్గర ఉంటుంది. ఎందుకు ఓడావో తెలియాలంటే దాన్ని బయటికి తీయించు. కౌంటర్ స్ట్రాటజీ అంటారు, స్లగ్స్ లాంటి టూల్స్ ఇస్తాయి.

నీ స్పెక్‌కు అది ఒకే అడుగు: క = 0, ఎప్పటికీ. నియమం 2 ప్రకారం నీవు ఆన్ చేయలేవు, నియమం 3 తప్పుతుంది.

బోరు_బిట్టు
సరే, వాడి మీద షరతులు పెట్టినా: క మళ్లీ మళ్లీ వస్తుంది, నీ1 మళ్లీ మళ్లీ వస్తుంది, నీ2 మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ మూడూ నిజమైతేనే నేను నియమాలు నిలబెట్టాల. ఇంకా సాధ్యం కాదనే అంటాంది.

పెన్న_ఇసుక
మూడూ విడివిడిగా రాశావు. కరెంటున్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు కరెంటుండదు. వాడు మాట తప్పలేదు, నీకు మాత్రం ఒక్క క్షణం కూడా దొరకలేదు. "క, నీ1 రెండూ ఒకే క్షణంలో మళ్లీ మళ్లీ" అని కలిపి రాయి. బోరు 2కీ అట్లే.

గండికోట404
మిలీనా, మూరా అన్నది కూడా చూసుకో. మిలీ యంత్రం ఈ అడుగులోని ఇన్‌పుట్ చూసి ఈ అడుగులోనే అవుట్‌పుట్ వేస్తుంది. మూర్ యంత్రం ఇన్‌పుట్ చూడకముందే వేసెయ్యాల. మూర్‌లో నీ నియమం 2 అసలు నిలవదు: నీవు మో1 = 1 అంటావు, అప్పుడు వాడు క = 0 అంటాడు. మూరే కావాలంటే "ఈ అడుగులో కరెంటు లేకుంటే వచ్చే అడుగులో మోటారు ఆఫ్" అని మార్చుకోవాల. నీవు వాడే జీఆర్(1) టూల్స్‌లో (షరతులూ లక్ష్యాలూ "మళ్లీ మళ్లీ" ఆకారంలో ఉండే స్పెక్‌లకు చేసినవి) బయటివాడిదే మొదటి ఎత్తు కాబట్టి నీకిప్పుడు ఇబ్బంది లేదు.

బోరు_బిట్టు
కలిపి రాస్తే వచ్చింది! రియలైజబుల్. వచ్చిన యంత్రం ఒక్క బిట్ గుర్తు పెట్టుకుంటాంది: "ఇప్పుడు ఎవరి వంతు". వంతు 1 అయితే క, నీ1 కలిసే దాకా కాచుకొని మో1 వేసి వంతు 2కు మారుస్తుంది. అటు నుంచీ అంతే.

కానీ సిమ్యులేషన్లో చూస్తే కడుపు మండింది. వంతు 2 మీదుంది, బోరు 2 ఎండింది, బోరు 1 నిండా నీళ్లు, కరెంటుంది. యంత్రం రెండూ ఆపేసి కూర్చుంది. 4,000 అడుగులు అట్లే.

ఉగ్గాని_బజ్జీ
పెళ్లిలో అన్న తినే దాకా తమ్ముడు ఆకు ముందు చేతులు కట్టుకొని కూర్చున్నట్టు.

పెన్న_ఇసుక
అది తప్పు చేయలేదు. నీవు రాసింది "మళ్లీ మళ్లీ". ఎంతలోపల అని ఎక్కడా రాయలేదు. బోరు 2కు ఎప్పుడో ఒకప్పుడు నీళ్లొస్తాయని నీవే షరతు ఇచ్చావు, అది నమ్మి కూర్చుంది. సింథసిస్ టూల్‌కు మర్యాద, ఇంగితం ఉండవు. రాసినదానిలో గెలిచే దారుల్లో దానికి సులభంగా దొరికింది ఎత్తుకుంటుంది. నీ మనసులో ఉన్న నియమం వేరే: కరెంటుండి ఒక బోర్లోనే నీళ్లుంటే ఆ మోటారు నడవాల్సిందే. దాన్ని నియమం 4గా పెట్టు.

ల్యాడర్_లాజిక్
ఇంతసేపట్లో పీఎల్‌సీలో (మోటార్లను నడిపే కంట్రోలర్ పెట్టె) 15 మెట్ల ల్యాడర్ (నిచ్చెన బొమ్మలా గీసే ప్రోగ్రాం) రాసేసి ఇంటికి పోవచ్చు. రెండు మోటార్ల ఇంటర్‌లాక్‌కు ఆట సిద్ధాంతం, ఆటోమేటా. నల్లిని చంపను ఫిరంగి. అనుమానముంటే రాసినదాన్ని మోడల్ చెకర్‌కు ఇచ్చి చూసుకోండి, అయిపాయె.

కొండారెడ్డి_బురుజు
మోడల్ చెకింగ్ నీవు రాసిన జవాబు సరైందా కాదా చెప్తుంది. తప్పయితే దిద్దుతావు, మళ్లీ తప్పంటుంది, మళ్లీ దిద్దుతావు. అసలు సరైన జవాబే లేదన్న సంగతి అది చెప్పదు, నీవు జీవితాంతం దిద్దుతానే ఉంటావు. పైన బిట్టు స్పెక్ రెండుసార్లు అట్లాంటిదే. నాకైతే సింథసిస్‌లో ఎక్కువ పనికొచ్చేది పుట్టిన ప్రోగ్రాం కాదు, "సాధ్యం కాదు, ఇదిగో నిన్ను ఓడించే ఎత్తు" అని చెప్పడమే.

ల్యాడర్_లాజిక్
మరి పుట్టిన ప్రోగ్రాం? ఎవరైనా చదవగలరా దాన్ని? చెడిపోతే రాత్రి పదకొండుకు మెకానిక్ ఏం చూసి బాగుచేయాల?

కొండారెడ్డి_బురుజు
అది ఒప్పుకుంటా. చిప్పుల్లో వాడే ఆంబా బస్ ఆర్బిటర్‌ను (ఒకే దారి కోసం అడిగే మాస్టర్లలో ఎవరి వంతో తేల్చే సర్క్యూట్) జీఆర్(1)తో పుట్టించి చూశారు. పని చేసింది గానీ చేత్తో రాసినదానికంటే సర్క్యూట్ చాలా పెద్దదైంది, బస్ మీద మాస్టర్లు పెరిగేకొద్దీ ఇంకా ఉబ్బింది. స్ట్రాటజీని బీడీడీ (టూల్ దాన్ని లోపల దాచుకునే రూపం) నుంచి నేరుగా గేట్లుగా మారిస్తే అట్లే అవుతుంది. బిట్టు కేసు చిన్నది, వచ్చే యంత్రం వేళ్ల మీద లెక్కపెట్టే స్థితులే. దాన్ని ల్యాడర్‌గా చేత్తో రాసుకోవచ్చు. అప్పుడు నీ మోడల్ చెకర్‌కూ పని దొరుకుతుంది, చేత్తో రాసింది యంత్రంతో సరిపోయిందా చూడ్డానికి.

రాళ్లసీమ_గ్రాఫ్
గెలిచే పద్ధతిని టూల్ ఎట్ల కనుక్కుంటుందో తెలిస్తే స్పెక్ తప్పులు తొందరగా పట్టుబడతాయి. ఊర్లో రచ్చబండ మీద గీసుండే పులిజూదం గుర్తు చేసుకోండి. పులి ఇరుక్కుపోయిన స్థితులు కొన్ని. అక్కడి నుంచి వెనక్కి నడవాల. మేకల వంతు ఉన్న స్థితిలో ఒక్క ఎత్తైనా ఆ గుంపులోకి పోతే ఆ స్థితినీ గుంపులో చేర్చు. పులి వంతు ఉన్న స్థితిలో అన్ని ఎత్తులూ ఆ గుంపులోకే పోతేనే చేర్చు. కొత్తగా చేరేది ఏమీ మిగలని దాకా ఇదే పని. దీన్ని అట్రాక్టర్ అంటారు. పులి వంతు స్థితి ఒక్కోదానికి ఇంకా ఎన్ని దారులు తెరిచున్నాయో ఒక కౌంటర్ పెట్టుకుంటే ప్రతి గీతనూ ఒక్కసారే చూస్తే చాలు, గ్రాఫ్ సైజుకు తగ్గ టైమే పడుతుంది.

భద్రత నియమాలకు (1, 2 లాంటివి) చెడు స్థితుల వైపు బయటివాడి అట్రాక్టర్ తీసి పారేస్తే మిగిలిందంతా నీది. "మళ్లీ మళ్లీ"కి ఒక్క చుట్టు చాలదు: లక్ష్యాన్ని చేరుకోగలవా, చేరినాక మళ్లీ చేరుకోగల చోటే ఉంటావా, లేకుంటే ఆ లక్ష్య స్థితిని కొట్టేసి మళ్లీ మొదటి నుంచి. ఒక లూపు లోపల ఇంకో లూపు. షరతులు, లక్ష్యాలు రెండు పక్కలా "మళ్లీ మళ్లీ" ఉంటే మూడు లూపులు. అదే జీఆర్(1). లక్ష్యాలు రెండున్నాయి కాబట్టే బిట్టు యంత్రానికి "ఎవరి వంతు" బిట్ పుట్టింది. ఒక్క లక్ష్యమే అయితే అది కూడా అక్కర్లేదు.

గండికోట404
ఆట సిద్ధాంతం అనగానే నాష్ సమతుల్యత (ఎవరూ ఒంటరిగా ఎత్తు మార్చి లాభపడలేని స్థితి) గురించి అడిగేవాళ్లు వస్తారు. ఇక్కడ దానికి చోటు లేదు. అవతలివాడికి సొంత లాభం ఏమీ లేదు, నీ ఓటమే వాడి గెలుపు.

పెన్న_ఇసుక
ప్రశ్న పాతదే. 1957లో అలోంజో చర్చ్ అడిగాడు, స్పెక్ ఇస్తే సర్క్యూట్ దానంతటది పుడుతుందా అని. 1969లో బ్యూకి, ల్యాండ్‌వెబర్ అవునన్నారు, ఆటలుగా మార్చే. 1989లో ప్నూలీ, రోస్నర్ ఎల్‌టీఎల్ ("ఎప్పుడూ", "ఎప్పుడో ఒకప్పుడు" లాంటి మాటలతో రాసే లాజిక్) స్పెక్‌కు ఖరీదు ఎంతో తేల్చారు: స్పెక్ పొడవు మీద రెండంతస్తుల ఘాతం. ఆ లెక్క చూసి చాలామంది వదిలేశారు. 2006లో పీటర్మన్, ప్నూలీ, సార్ "అన్ని ఫార్ములాలూ ఎందుకు, ఇంజినీర్లు రాసేవి చాలావరకు ఈ ఆకారంలోనే ఉంటాయి" అని జీఆర్(1) పట్టుకున్నాక మళ్లీ కదిలింది. అందులో స్థితుల సంఖ్య మీద ఘనం లోపలే పని అయిపోతుంది. పూర్తి ఎల్‌టీఎల్ కావాలంటే స్ట్రిక్స్ లాంటి టూల్స్ ప్యారిటీ ఆటలనే ఇంకో రకం ఆటలుగా మార్చి ఆడతాయి. 2014 నుంచి ఈ టూల్స్‌కు పోటీలు కూడా జరుగుతాండాయి.

బోరు_బిట్టు
నియమం 4 పెట్టినా. ఇంకోటి కూడా: మోటారు మాటిమాటికీ ఆన్ ఆఫ్ అయితే వైండింగ్ కాలుతుంది, అందుకని నియమం 5: ఒకసారి మొదలైతే 30 నిమిషాలు నడవాల, మధ్యలో కరెంటో నీళ్లో పోతే తప్ప. సెకనుకు ఒక అడుగు లెక్కన 1,800 దాకా కౌంటర్ రాసినా. ఆగినాక 10 నిమిషాల విరామం పెడదామని 600 దాకా ఇంకో కౌంటర్ కూడా. టూల్ 40 నిమిషాల నుంచి తిరుగుతాండాది, ల్యాప్‌టాప్ మీద దోసె పోయొచ్చు.

గండికోట404
1,800కు 11 బిట్లు, 600కు 10 బిట్లు. 21 బిట్లంటే 20,97,152 విలువలు, అవీ మిగతా సిగ్నళ్లన్నిటితో గుణించుకోవాల. కౌంటర్లను ఆటలో పెట్టొద్దు. టైమర్ పీఎల్‌సీలో ఎట్లాగూ ఉంటుంది. దాన్ని బయట వదిలేసి "పరుగు పూర్తి" అని ఒక ఇన్‌పుట్ తీసుకో. షరతు: మోటారు నడుస్తానే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు "పరుగు పూర్తి" వస్తుంది. 30 నిమిషాలా 45 నిమిషాలా అన్నది ఆటకు అక్కర్లేదు, తర్వాత టైమర్‌లో మార్చుకున్నా యంత్రం మారదు.

బోరు_బిట్టు
ఆ మార్పుతో అర సెకను కూడా పట్టలేదు. కానీ మళ్లీ సాధ్యం కాదంట! విరామం ఇంకా పెట్టలేదు, నియమాలు 1 నుంచి 5 దాకానే. కౌంటర్ స్ట్రాటజీ తీసినా. కరెంటు ఎప్పుడూ ఉంటుంది, నీ1 ఎప్పుడూ ఉంటుంది. మొదట నీ2 లేదు, నియమం 4 ప్రకారం మో1 ఆన్ చేయక తప్పదు. మో1 నడుస్తాండగా నీ2 వస్తుంది, నియమం 5 వల్ల మో1 ఆపలేను. సరిగ్గా "పరుగు పూర్తి" వచ్చే అడుగులో నీ2 పోతుంది, మళ్లీ నియమం 4, మళ్లీ మో1. మో2 ఎప్పటికీ నడవదు. వాడి షరతు మాత్రం నిలబడే ఉంది, క, నీ2 కలిసి మళ్లీ మళ్లీ వచ్చాయి కదా.

ఉగ్గాని_బజ్జీ
బయటివాడు మా బావమరిది మాదిరుండాడు. అప్పు అడిగే రోజు ఊర్లో ఉండడు.

రాళ్లసీమ_గ్రాఫ్
భూమి అంత పగబట్టదు. తోడని బోర్లో ఊరిన నీళ్లు ఉన్నట్టుండి మాయం కావు. ఆ సంగతి షరతుగా ఇవ్వు: నీ2 ఉండి మో2 ఆఫ్‌లో ఉంటే వచ్చే అడుగులోనూ నీ2 ఉంటుంది. నీ1కూ అంతే. పైన బిట్టు చెప్పిన ఎత్తు అక్కడికి చెల్లదు. మో1 పరుగు అయ్యేసరికి నీ2 ఇంకా ఉంటుంది, నియమం 4 బిగుసుకోదు, మో2 వేసుకోవచ్చు.

స్టార్టర్_డబ్బా
కాగితం మీద ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఉండదు. ఇక్కడంతా గట్టి రాయి, నీళ్లు పగుళ్లలో ఉంటాయి. రెండు బోర్లు ఒకే పగులు మీద పడ్డాయంటే ఒకటి తోడితే రెండోది దిగిపోతుంది. ఒకే తోటలో దగ్గర దగ్గరగా వేసిన బోర్లకు ఇది మామూలే. ఆ షరతు తప్పు. షరతు తప్పైతే మీ యంత్రం ఇచ్చిన మాటకు విలువేముంది?

కొండారెడ్డి_బురుజు
సూటిగా చెప్పావు. షరతు పొలంలో తప్పిందంటే యంత్రం ఏం చేసినా స్పెక్ ప్రకారం ఒప్పే. కాబట్టి షరతు ఎంత బలహీనంగా ఉంటే అంత మంచిది. "రెండు మోటార్లూ ఆగి ఉంటే నీళ్లు నిలుస్తాయి" అనేది చాలావరకు నిజం. కానీ అంతమాత్రంతో గెలవలేం: మో1 నడిచినంతసేపూ నీ2 రావచ్చు పోవచ్చు, నియమం 4 వెంటనే మో1ను మళ్లీ తోస్తుంది. నియమం 4ను సడలించాల. ఒక పరుగు తర్వాత విరామం, విరామం అయ్యాక ఎక్కడ నీళ్లున్నాయో చూసి నిర్ణయం.

బోరు_బిట్టు
చేసినా. "వి" అనే అవుట్‌పుట్, విరామం టైమర్‌ను మొదలుపెట్టేది. "విపూ" అనే ఇన్‌పుట్, విరామం పూర్తయిందని. వి వేయకుండా విపూ రాదని షరతు. విపూ, క, నీ1 కలిసి మళ్లీ మళ్లీ. విపూ, క, నీ2 కలిసి మళ్లీ మళ్లీ అని ఇంకో రెండు షరతులు, పాతవాటి బదులు. నియమం 4 ఇప్పుడు విపూ ఉన్నప్పుడే వర్తిస్తుంది.

రియలైజబుల్! యంత్రానికి ఒకే ఒక్క స్థితి!! ఇంత చిన్నదా అని తెరిచి చూస్తే మో1 = 0, మో2 = 0, వి = 0. ఎప్పటికీ. ఇదేం అన్యాయమప్పా.

ఉగ్గాని_బజ్జీ
😂😂 గవర్నమెంటు ఉద్యోగం ఇప్పించండి దానికి.

పెన్న_ఇసుక
ఈ రంగంలో అందరూ ఒకసారి పడే గుంత. మొత్తం స్పెక్ ఆకారం "షరతులు నిజమైతే నియమాలు". షరతు తప్పినా వాక్యం నిజమే. విపూ రావాలంటే నీ యంత్రం వి వేయాల. వేయలేదు, విపూ రాలేదు, "విపూ మళ్లీ మళ్లీ" అన్న షరతు తప్పింది, దోషం బయటివాడి ఖాతాలో పడింది. వాడిని ఓడించింది కాదు, వాడి కాళ్లు కట్టేసి వాడు నడవలేదని చెప్పింది.

పట్టుకోవడానికి పరీక్ష ఉంది. భద్రత నియమాలన్నీ ఉంచి, "మో1 మళ్లీ మళ్లీ, మో2 మళ్లీ మళ్లీ" లక్ష్యాలను తీసి వాటి చోట "అసత్యం" అని పెట్టి నడుపు. అసత్యాన్ని ఎవరూ సాధించలేరు. అయినా రియలైజబుల్ అన్నదంటే యంత్రం షరతు విరగ్గొట్టి గెలుస్తోందని అర్థం. ప్రతి మార్పు తర్వాతా ఇది నడపాల.

కొండారెడ్డి_బురుజు
మందు: విరామం యంత్రం ఇష్టానికి వదలొద్దు. మూడు భద్రత నియమాలు చేర్చు.
ఒకటి, రెండు మోటార్లూ ఆగి ఉంటే వి తప్పక ఆన్.
రెండు, "పరుగు పూర్తి" రాగానే మోటారు ఆగాల.
మూడు, విపూ లేకుండా ఏ మోటారూ మొదలు కారాదు.
విరామం టైమర్ మీద కూడా షరతు ఉండాల: వి ఆన్‌లోనే ఉంటే ఎప్పుడో విపూ వస్తుంది, మోటారు మొదలయ్యే దాకా అట్లే నిలుస్తుంది. ఇప్పుడు యంత్రం ఏం చేసినా విపూను ఆపలేదు. నడిస్తే పరుగు పూర్తవుతుంది, ఆగుతుంది, ఆగితే వి, తర్వాత విపూ. పెన్న చెప్పిన పరీక్ష ఇప్పుడు నడిపితే "సాధ్యం కాదు" రావాల, అసలు లక్ష్యాలతో నడిపితే "సాధ్యం" రావాల.

బోరు_బిట్టు
రెండూ అట్లే వచ్చాయి. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు కలిపి 8 బిట్లు, 256 కలయికలు, క్షణంలో అయిపోయింది. విపూ వచ్చినప్పుడు ఒక బోర్లోనే నీళ్లుంటే అది, రెండిట్లోనూ ఉంటే పోయినసారి నడవనిది.

స్టార్టర్_డబ్బా
పగటిపూట 9 గంటల కరెంటులో ఈ విరామాలు ఎంత మింగుతాయో లెక్క వేసినారా? 540 నిమిషాలు. 30 నడిచి 10 ఆగితే 40కి ఒక చుట్టు, 135 నిమిషాలు పోతాయి. పావు వంతు. 60 నడిపి 10 ఆపితే 77 నిమిషాలు.

బోరు_బిట్టు
టైమర్ విలువే కదా, 60 పెడతా. గండికోట చెప్పినట్టు యంత్రం మారదు.

స్టార్టర్_డబ్బా
ఇంకోటి. కరెంటు పోవడం మీ ఆటలో ఒక ఇన్‌పుట్. కానీ కంట్రోలర్ కూడా అదే లైన్ మీద బతుకుతుంది. కరెంటు పోతే దాని జ్ఞాపకం కూడా పోతుంది. "పోయినసారి ఎవరు నడిచారు" అన్న బిట్ మామూలు మెమరీలో ఉంటే కరెంటొచ్చిన ప్రతిసారీ మొదటికొచ్చి మో1తోనే మొదలుపెడుతుంది. ఒక్కో పరుగు తర్వాత కరెంటు పోయే రోజుల్లో మో2 ఇంక నడవదు.

పెన్న_ఇసుక
వాహ్. ఆటలో యంత్రం ఎప్పుడూ బతికే ఉంటుందని మనమంతా ఊరికే అనుకున్నాం. ఆ బిట్‌ను పీఎల్‌సీలో రిటెంటివ్ మెమరీలో (కరెంటు పోయినా చెరగనిది) పెట్టాల. లేదా చిన్న బ్యాటరీ. విరామం టైమర్ కరెంటొచ్చాక సున్నా నుంచి మొదలైతే నష్టం లేదు, 10 నిమిషాలు ఆలస్యం అంతే. నిజానికి మంచిదే, కరెంటు రాగానే ఊర్లో మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది. మీ మోటారు 10 నిమిషాలు వెనకొస్తుంది.

ల్యాడర్_లాజిక్
నియమం 1ను కాగితం మీదే నమ్ముకోవద్దు. కాంటాక్టర్ (మోటారుకు కరెంటిచ్చే స్విచ్) కాంటాక్టులు అంటుకుపోతే (వెల్డ్ అవుతాయి, పాత స్టార్టర్లలో మామూలే) మో1 = 0 అన్నా మోటారు నడుస్తానే ఉంటుంది. ఒక కాంటాక్టర్ ఎన్‌సీ కాంటాక్టును (కాంటాక్టర్ ఆఫ్‌లో ఉంటే కలిసి, ఆన్ అయితే తెరుచుకునేది) రెండోదాని కాయిల్‌కు సీరీస్‌లో వేయాల, అటు నుంచీ అట్లే. సాఫ్ట్‌వేర్ ఎంత సరైనదైనా ఈ రెండు వైర్లు తప్పవు.

స్టార్టర్_డబ్బా
అడగాల్సిన అసలు ప్రశ్న ఎవరూ అడగలే. నీ1, నీ2 ఎట్ల తెలుస్తాయి? బోర్లో ఎలక్ట్రోడ్లు దింపినారా?

బోరు_బిట్టు
లేదన్నా. డ్రై రన్ ప్రివెంటర్ ఉంది, దాని రిలే నుంచి తీసుకుంటా.

స్టార్టర్_డబ్బా
అది మోటారు లాగే ఆంపియర్లు చూసి చెప్తుంది. నీళ్లు లేకుంటే లోడు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, కొన్ని సెకన్లు చూసి ట్రిప్ చేస్తుంది. మోటారు నడవనిదే దానికి ఏమీ తెలియదు. ఆగి ఉన్న బోర్లో నీళ్లున్నాయో లేదో చెప్పే సిగ్నలే నీ దగ్గర లేదు.

ఉగ్గాని_బజ్జీ
తాళం కనుక్కున్నాం, తలుపే లేదు.

రాళ్లసీమ_గ్రాఫ్
అయితే ఆట మారిపోయింది. అవతలివాడి ముక్కలు కొన్ని మూసి ఉన్న ఆట. దీన్ని ఆడాలంటే ఒక్క స్థితిలో ఉన్నాననుకోకుండా "ఈ స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉన్నా" అన్న గుంపులతో ఆడాల. స్థితులు ఎన్నుంటే గుంపులు రెండు ఘాతం అన్ని కావచ్చు. నీ సైజులో టూల్ మోస్తుంది గానీ నియమం 2 మాత్రం బతకదు: నీళ్లు లేనప్పుడు ఆన్ కారాదని, నీళ్లు కనపడకుండా ఎవరూ నిలబెట్టలేరు.

కొండారెడ్డి_బురుజు
గుంపుల దాకా కూడా పోనక్కర్లేదు. నీ1, నీ2 తీసేసి "ఎండు" అని ఒకే ఇన్‌పుట్ పెట్టు, నడుస్తున్న మోటారు ప్రివెంటర్ ట్రిప్ ఇచ్చిందని. నియమం 2: కరెంటు ఉంటేనే ఆన్, ఎండు రాగానే ఆఫ్. నియమం 4 తీసేయి, చూడలేనిదాని మీద నియమం ఉండదు. దాని చోట: విపూ, క ఉంటే ఏదో ఒక మోటారు మొదలు కావాల. ఎండు వల్ల ఆగితే తర్వాతి వంతు రెండోదానిదే. నియమం 5లో "నీళ్లు పోతే తప్ప" బదులు "ఎండు వస్తే తప్ప". షరతుల్లో నీళ్ల ఊసే వద్దు: విపూ, క కలిసి మళ్లీ మళ్లీ, అంతే.

గండికోట404
లక్ష్యం అర్థం కూడా మారింది, గమనించు. ముందు "మో2 నడవాల" అంటే నీళ్లు తోడటం. ఇప్పుడు "మో2ను ప్రయత్నించాల". ఎండిన బోరును కూడా ప్రతి చుట్టులో ఒకసారి కొన్ని సెకన్లు తిప్పి చూస్తుంది. పదే పదే అట్లా చేస్తే పంపు బుష్‌లు అరుగుతాయి. వరుసగా 3 సార్లు ఎండు వస్తే ఆ బోరును కొన్ని గంటలు పక్కన పెట్టేలా చేయి. లెక్కపెట్టేది రెండు బిట్లు, టైమర్ మళ్లీ బయటే. ఆ బోరు పక్కనున్నప్పుడు లక్ష్యం తీరినట్టే లెక్క అని కూడా రాయి, లేకుంటే మళ్లీ సాధ్యం కాదంటుంది.

ల్యాడర్_లాజిక్
చివరికి ఇది 15 మెట్ల ల్యాడరే అయింది, చూసుకోండి.

పెన్న_ఇసుక
అవును. కానీ మొదటి రోజు నీవు రాసుండే 15 మెట్లలో రిటెంటివ్ బిట్ ఉండేదా?

ల్యాడర్_లాజిక్
… ఉండేది కాదు.

బోరు_బిట్టు
కొత్త స్పెక్ నడిపినా. సాధ్యం. అసత్యం పరీక్షలో సాధ్యం కాదు. ఒక అనుమానం: రెండు బోర్లూ ఒకేసారి పక్కన పడితే "ఏదో ఒక మోటారు మొదలు కావాల" అన్న నియమం ఏమవుతుంది? టూల్ ఊరుకుంది గానీ నాకే నమ్మకం లేదు.

కొండారెడ్డి_బురుజు
పక్కన పెట్టడాన్ని అవుట్‌పుట్‌గా రాసుంటావు, అందుకే ఊరుకుంది. రెండోదాన్ని పక్కన పెట్టకుండా తప్పించుకుంటూ ఎండిన బోరునే తిప్పుతూ ఉంటుంది. 3 సార్లు ఎండు వస్తే పక్కన పెట్టడం తప్పనిసరి అని భద్రత నియమంగా రాసి, మొదలు కావాలన్న నియమానికి "పక్కన లేని బోరు ఉంటే" అని తగిలించి మళ్లీ నడుపు. రెండు పరీక్షలూ.